ఉప్పు నీళ్ల చేపలకు మంచినీళ్లు

నాకు కోపం తొందరగా వస్తుంది, ఆలస్యంగా పోతుంది. జనగామలో సముద్రపు చేపల తొట్టి పెట్టిన ఆ ఏడాది మాత్రం అసలు పోనేలేదు.

దుబాయిలో పన్నెండేళ్లు నేను చేసిన పని అదే. మా ఊళ్లో నా కూతురు పుట్టినప్పుడు కూడా అక్కడే ఉన్నాను. పెద్దవాళ్ల ఇళ్లలో, హోటళ్లలో గోడంత అద్దాల తొట్లు చూసుకునేవాణ్ణి. చేపలొక్కటే అయితే ఎవడైనా పెంచుతాడు. పగడాలు బతకాలంటే మాత్రం వారం వారం నీళ్లు పరీక్ష చేయాలి, కొంత తీసేసి ఉప్పు కలిపిన కొత్త నీళ్లు పోయాలి. నా చేతి కింద ఉన్న తొట్టికి నాచు పట్టగా చూడలేదని మా మేనేజరు కొత్తవాళ్లకు చెప్పేవాడు. కంపెనీ మూతపడి ఇంటికొచ్చాక నాకు మిగిలిన విద్య అదొక్కటే. జనగామలో అద్దె ఇంటి ముందు గదిలో మూడడుగుల తొట్టి పెట్టాను. గుండీల్లాంటి పగడాలు, నారింజ రంగు మీద తెల్లపట్టీలున్న రెండు చేపలు.

హన్మకొండలో కొత్తగా దవాఖాన కడుతున్న ఒక డాక్టరుకు ఈ సంగతి తెలిసింది. రెండు నెలల తర్వాత వచ్చి చూస్తానన్నాడు. తొట్టి బాగుంటే తన హాల్లో పెద్దది కట్టిస్తాడు, దాన్ని చూసుకునే పని నాది. ఆ పని దొరికితే నేను మళ్లీ విమానం ఎక్కక్కర్లేదు. దొరక్కపోతే ఎక్కాల్సిందే.

సరిగ్గా అప్పుడే నాచు మొదలైంది. నీళ్లు మార్చిన మూడో రోజుకల్లా రాళ్ల మీద గోధుమరంగు పొడి, వారం తిరిగేసరికి పచ్చటి వెంట్రుకలు. పళ్ల బ్రష్షుతో గీకాను. మళ్లీ వచ్చింది. నీళ్లు మారిస్తే నాచు తగ్గాలి. నా ఇంట్లో మార్చినప్పుడల్లా పెరిగింది. పగడాలు ముడుచుకుపోయి, పక్కనున్న రాళ్లకూ వాటికీ తేడా తెలియకుండా అయ్యాయి. ఒళ్లు మండిపోయేది నాకు.

మేత సగానికి తగ్గించాను. లైటు వెలిగే గంటలు తగ్గించాను, నేను తగ్గించినా తగ్గించకపోయినా కరెంటువాళ్లు ఆ పని చేస్తూనే ఉన్నారు. ఫిల్టరు ప్లాంటు నుంచి తెచ్చే నీళ్లను పరీక్ష చేశాను. చిన్న గాజు గొట్టంలో నీళ్లు పోసి, మందు చుక్కలు వేసి ఊపితే పసుపు రంగు నిలిచింది. అంటే ఎరువుల నుంచి దిగి నాచును పెంచే నైట్రేటు లేదన్నట్టు, ఉంటే ఎర్రబడుతుంది. ఒక్క తేడా మాత్రం దొరికింది. నీళ్లు మార్చిన మర్నాడు ఉప్పు కొలత ఒక గీత తక్కువ చూపించేది. ఇంకేముంది, తప్పంతా ఉప్పుదేనని తేల్చేశాను.

హైదరాబాద్‌లో ఉప్పు అమ్మిన దుకాణదారుకు ఫోన్ చేశాను. కోస్తా మనిషి. "ఉప్పు అందరికీ అదే ఇస్తున్నామండి. మీ వైపు పొలాల్లో యూరియా కుమ్మరిస్తారు కదా, మీ నీళ్లలోనే ఏదో ఉంటుంది, చూసుకోండి" అన్నాడు.

"గట్లెట్ల అంటవ్? నేను పరీక్ష జేసిన" అన్నాను.

"గట్లెట్లనా?" అని సాగదీసి నవ్వాడు. పక్కనున్నవాడికీ వినిపించినట్టుంది, వాడూ నవ్వాడు.

తెలంగాణ రావాలని, మా నీళ్లు మాకు కావాలని ఊరూరా జనం రోడ్ల మీద కూర్చున్న రోజులవి. వీడు నా మాటకు నవ్వడమే కాక నా నీళ్లకు వంక పెడతాడా? "మా నీళ్ల ముచ్చట నువ్వు జెప్పుడేంది? నీ ఉప్పే కల్తీ" అని ఫోన్ పెట్టేశాను. మరో దుకాణంలో ఉప్పు కొనడానికి సికింద్రాబాద్ వెళ్లాను. తిరిగొచ్చేటప్పుడు పట్టాల మీద జనం కూర్చున్నారని రైలు పెంబర్తిలో ఆగిపోయింది. బస్తా భుజాన వేసుకుని జనగామ దాకా నడిచాను. దారి పొడుగునా ఆ దుకాణదారును తిట్టుకుంటూనే ఉన్నాను. కొత్త ఉప్పుతో నీళ్లు మార్చాను. మూడో రోజుకు మళ్లీ గోధుమరంగు పొడి.

మోకాలి వైద్యానికని మా బాపు, అంటే నాన్న, అప్పుడు నా దగ్గరే ఉండేవాడు. దేవరుప్పుల దగ్గర మా ఊరు. ఫిల్టరు నీళ్లు సప్పగా ఉంటాయని ముట్టేవాడు కాదు. ఊరి నుంచి పాలు తెచ్చే ఆటోలో మా బావి నీళ్లు క్యానుతో తెప్పించుకునేవాడు. ఆ బావిని తవ్వినవాళ్లలో ఆయనా ఒకడు. దాని నీళ్లంత తియ్యటివి చుట్టుపక్కల లేవని మందులిచ్చే కాంపౌండరుకు కూడా చెప్పేవాడు.

డాక్టరు వస్తానన్న వారంలో ఆఖరిసారి నీళ్లు మార్చాను. కరెంటు పోయేలా ఉందని గాలి మోటారుకు బ్యాటరీ తేవడానికి బజారుకు వెళ్లి వచ్చేసరికి, బాపు తొట్టి ముందు నిలబడి పెద్ద చెంబుతో నీళ్లు వంపుతున్నాడు.

"ఏం జేస్తున్నవే?"

"అంత ఉప్పు కలిపి పోస్తివి. పాణమున్నయి గద, గొంతెండదా? జర మంచినీళ్లు తాగనీ అని."

"ఎన్నడి సంది?"

"నువ్వు ఉప్పు పోసినప్పుడల్ల. రెండు చెంబులో, మూడు చెంబులో."

చెంబు లాక్కున్నాను. క్యానులో మిగిలిన బావి నీళ్లను గొట్టంలో పోసి చుక్కలు వేశాను. పసుపులో సున్నం కలిపినట్టు చూస్తుండగానే ఎర్రబడింది. రంగుల అట్ట మీద అంతకంటే ఎరుపు లేదు. ఆ దుకాణదారు చెప్పిందే నిజమైంది, అది ఇంకా మంట. "నీ బాయి నీళ్లు తియ్యగుండుడు కాదు, యూరియా నీళ్లు. నా బతుకుల పోసినవ్" అని అరిచాను. బాపు వెళ్లి మంచం మీద కూర్చున్నాడు.

నాలుగో రోజు డాక్టరు వచ్చాడు. తొట్టి పచ్చగా ఉంది. ఒక చేప అడుగున పక్కకు ఒరిగి కష్టంగా ఊపిరి తీసుకుంటోంది. చాయ్ కూడా తాగకుండా, మళ్లీ చూద్దామని వెళ్లిపోయాడు. ఆ మాటకు అర్థం నాకు తెలుసు. గేటు దాకా సాగనంపి వచ్చి మళ్లీ బాపు మీద పడ్డాను. ముసలితనం, మొండితనం, నోటికొచ్చినవన్నీ అన్నాను. గుర్తొస్తే ఇప్పుడు సిగ్గేస్తుంది. అప్పుడు వేయలేదు.

నేను అలిసిపోయేదాకా బాపు విన్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"ఆ ఎర్రగైన నీళ్లు చేపలకేనా మంచిగ లేనియి, మనుషులకా?"

"మనుషులకు గూడ. పసిపోరలకైతే ఇంక కరాబు."

"నీ బిడ్డకు గవే నీళ్లు కాచి పాలల్ల కలిపినం. నువ్వు దుబాయిల ఉన్నవ్. పన్నెండేండ్లు ఎవలియో చేపల నీళ్లు సూసినవ్. వచ్చి రెండేండ్లాయె. మా నీళ్లు గిప్పుడు సూసినవ్, గది గూడ చేపల కోసమే."

అంత కోపమూ ఎటు పోవాలో తెలియక నాలోనే తిరిగింది. దుకాణదారును తిట్టాను, ఉప్పును తిట్టాను, కరెంటును తిట్టాను, కన్నతండ్రిని తిట్టాను. ఆ మందు సీసా ఇంటికొచ్చిన రోజు నుంచీ అలమారలోనే ఉంది. నాలుగు చుక్కలు మా బావికి వేయాలని నాకు ఒక్కసారి తోచలేదు.

మర్నాడు సీసా జేబులో వేసుకుని మొదటి ఆటోకు ఊరికి పోయాను. బావి దగ్గర మళ్లీ చూశాను, ఎరుపే. మా వాడకట్టులో చేతి పంపు నీళ్లు పట్టాను, ఎరుపే. బడి వెనక పంపూ అంతే. అక్కడికి సీసాలో మందు అయిపోయింది. బిందెతో వచ్చిన ఒక అవ్వ గొట్టం వంక చూస్తూ నిలబడింది.

"ఏందిర కొడుకా గది?"

"నీళ్లు మంచిగ లెవ్వవ్వా. యూరియా దిగింది. తాగొద్దు."

"మరి ఏ నీళ్లు తాగాలె?"

మా ఊళ్లో ఫిల్టరు ప్లాంటు లేదు. ఊరి నీళ్లన్నీ ఇవే. ఎవరి మీదైనా అరవడానికి నా నోరు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది, ఇక్కడ మాత్రం అరవడానికి ఎవరూ లేరు. అవ్వ బిందెను పంపు కింద పెట్టింది. నేను పిడి పట్టుకుని, అది నిండేదాకా కొట్టాను.