అమ్మ పెద్దమ్మయిన క్రిస్మస్

నా చిన్నప్పుడు, నేను మూడో తరగతి చదువుతున్న ఏడు, క్రిస్మస్ ఇంకా ఇరవై రోజులుందనగా మా అమ్మ చచ్చిపోయిందని మా ఊరికి వచ్చిన దొరా దొరసానీలకు చెప్పారు. చెప్పింది ఇంకెవరో కాదు, మా అమ్మే. నేను ఆమె కొంగు పట్టుకొని పక్కనే నిలబడి ఉన్నాను. నాకిప్పుడు అరవై ఆరేళ్లు. ఎన్నో మరిచిపోయాను గానీ ఆ మాట చెప్పేటప్పుడు అమ్మ గొంతు వణకలేదన్న సంగతి మాత్రం మరవలేదు.

మాది గద్వాల నుంచి బీచుపల్లి వైపు పోతే కాస్త లోపలికి ఉండే చిన్న ఊరు. నాకు ఊహ తెలియకముందే మా నాయన పోయాడు. అమ్మ పత్తి ఏరేది, వేరుశనగ పీకేది. ఆ పనులు అయిపోయాక, క్రిస్మస్ దాటిన వారానికి, మేస్త్రీ తెచ్చే లారీ ఎక్కి ఎక్కడో ఆనకట్టల దగ్గర మట్టి మోయడానికి పోయేది. మా వాడలో సగం ఇళ్లకు అప్పుడు తాళాలు పడేవి. అంతకుముందు అమ్మ పోయినప్పుడల్లా నన్ను మా అమ్మమ్మ చూసుకునేది. ఆ ఎండాకాలం అమ్మమ్మ కామెర్లతో పోయింది. ఇక నన్నూ లారీ ఎక్కించక తప్పదు. లారీ ఎక్కిన పిల్లలెవరూ మళ్లీ బడి ముఖం చూసింది లేదు. నాకంటే రెండేళ్లు పెద్దదైన పక్కింటి అక్క అప్పటికే మట్టితట్ట మోస్తోంది. నాకేమో చదువంటే పిచ్చి. మా అమ్మకు నా చదువంటే అంతకన్నా పిచ్చి.

దొర, దొరసాని ఆ నవంబరులో వచ్చారు. ఇద్దరికీ డెబ్బై ఏళ్లు ఉంటాయేమో. ఏదో చలిదేశం వాళ్లది. అక్కడి చర్చి వాళ్లు పంపితే, నాలుగు నెలలు ఉండి, గద్వాలలో కొత్తగా తెరవబోయే ఆడపిల్లల హాస్టలుకు పిల్లలను ఎంచిపెట్టి పోవాలని వచ్చారు. మా ఊరి చర్చి వెనక ఉన్న పెంకుటింట్లో దిగారు. దొరకు మోకాళ్ల నొప్పులు. మడతకుర్చీ ఒకటి ఎక్కడికి పోయినా వెంట ఉండాల్సిందే. దొరసాని మాత్రం చురుకైన మనిషి. సొంత పిల్లలు, మనవలు పక్కన లేకుండా క్రిస్మస్ చేసుకోవడం వాళ్లకు అదే మొదటిసారట. వాళ్ల ఫోటోలన్నీ కిటికీ గట్టు మీద వరుసగా పెట్టుకుంది. పొద్దున లేస్తూనే ఒక్కొక్క ఫోటో తుడిచి, కాసేపు చూసి, మళ్లీ అదే చోట పెట్టేది.

అమ్మ వాళ్లింట్లో నీళ్లు మోసి, గిన్నెలు తోమేది. అట్లా నాకూ ఆ ఇంటికి రాకపోకలు అలవాటయ్యాయి. దొరసాని ఒకరోజు తుమ్మకొమ్మ ఒకటి తెప్పించి, డబ్బాలో మట్టి నింపి నిలబెట్టి, కొమ్మలన్నిటికీ పత్తి అతికించింది. మంచు కురిసినట్టు ఉండాలనట. అమ్మ అది చూసి నవ్వాపుకోలేకపోయింది. “పొద్దందాక చేన్ల ఏరి సస్తున్నం, ఈయమ్మ ఇంట్ల గూడ పత్తే పెట్టుకునె” అంది. దొరసాని చేతిలో ఎప్పుడూ ఒక చిన్న పుస్తకం ఉండేది. చెంబు చూపించి, చీపురు చూపించి ఇదేమిటని సైగ చేసేది. నేను చెప్పింది రాసుకొని, తప్పుగా పలికి, నేను నవ్వితే తనూ నవ్వేది. నాకు ఆమె అంటే ప్రాణమైపోయింది. ఇందులో దాచేదేమీ లేదు.

డిసెంబరు మొదట్లో గద్వాల నుంచి పాస్టరయ్య వచ్చి హాస్టలు సంగతి వాడలో చెప్పి పోయాడు. దొరల మాటలు మాకు, మా మాటలు దొరలకు చెప్పేది ఆయనే. ఆ సాయంత్రం అమ్మ నా తల దువ్వుతూ, దువ్వెన ఆపకుండానే, “బిడ్డా, రేపటి సంది దొరసానమ్మ ముందట నన్ను అమ్మ అనకు. పెద్దమ్మ అను” అంది.

ఎందుకని అడిగాను. “అమ్మా నాయిన లేని పిల్లలకే హాస్టల్ల సీటంట. అమ్మ ఉందంటే తీసుకోరంట.”

“మరి నువ్వున్నవ్ గద?”

“ఉన్న. ఉండుడే తప్పయింది” అంది అమ్మ. జడ గట్టిగా బిగించి, లేచి పొయ్యి దగ్గరికి పోయింది.

మర్నాడు పాస్టరయ్య పక్కన ఉండగా దొరసానికి చెప్పింది. ఈ పిల్ల తల్లి నా చెల్లె, పోయిన ఎండాకాలం కామెర్లతో సచ్చింది, ఆఖరికి నీళ్లు గూడ దిగలే, వాగు ఒడ్డున పాతిపెట్టినం అని. ఆ చావు మాటలన్నీ నిజాలే. అమ్మమ్మ చావును తీసి తన మీద వేసుకుంది. అందుకే ఎక్కడా తడబడలేదు. పాస్టరయ్యకు మేమెవరమో బాగా తెలుసు. ఆయన నేల చూపులు చూస్తూ ఒక్కొక్క మాటా వాళ్ల భాషలోకి మార్చి చెప్పాడు. దొరసాని కళ్లు నిండాయి. నన్ను దగ్గరికి లాక్కొని, పుస్తకం తిప్పి మాటలు వెతుక్కొని, “అమ్మ లేదు. నేను అమ్మ” అంది. అమ్మ అక్కడే ఉంది. బిందె ఎత్తుకొని నీళ్లకు పోయింది.

నన్ను పరాయిదాన్ని చేసేసిందన్న మాట నా లోపల దిగబడిపోయింది. ఎనిమిదేళ్ల పిల్లకు సీటు, లారీ, రేపటి బతుకు ఇవేమీ ఎక్కవు. మా అమ్మ బతికుండి, నలుగురి ముందు నేను నీ అమ్మను కానంది. అంతే అర్థమైంది. ఆ రోజు ఇంటికి వచ్చాక అమ్మ నన్ను దగ్గరికి తీసుకొని, ఇంట్ల ఎప్పటిలెక్కనే పిలువు బిడ్డా అంది. నేను పళ్లెం ముందుకు తోసి, “పెద్దమ్మా, అన్నం పెట్టు” అన్నాను. మొండిఘటాన్ని, అప్పుడూ ఇప్పుడూ. ఇక ఇంట్లో కూడా అదే పిలుపు. పిలిచిన ప్రతిసారీ అమ్మ ముఖం చూసేదాన్ని, నొప్పి తగిలిందా లేదా అని. తగిలేది. నాకు లోపల్లోపల సంతోషంగా ఉండేది.

క్రిస్మస్ రోజు అమ్మ కొన్న పూలగౌను తాడు మీదే విడిచి, దొరసాని కుట్టిచ్చిన నీలం గౌను వేసుకొని చర్చికి పోయాను. మా పిల్లలందరం పాట పాడాం. దొర మౌతార్గాన్ వాయించాడు. పాట అయిపోగానే మిగతా పిల్లలు వాళ్ల వాళ్ల అమ్మల దగ్గరికి పరుగెత్తారు. నేను తిన్నగా ముందు వరుసలో ఉన్న దొరసాని దగ్గరికి పోయి, నడుం చుట్టూ చేతులు వేసి, చర్చంతా వినపడేట్టు “అమ్మా” అని పిలిచాను. ఇరవై రోజులుగా దాచిపెట్టుకున్న పిలుపు అది. కావాలనే పిలిచాను.

ఊళ్లో వాళ్లందరికీ మా అమ్మ ఎవరో తెలుసు. నా చదువు కోసమని ఊరంతా నోరు కట్టేసుకొని ఉంది. నోరైతే కట్టుకోవచ్చు గానీ కళ్లను ఎవరు ఆపగలరు? చాపల మీద కూర్చున్న ఆడవాళ్లందరి తలలు ఒక్కసారిగా వెనక్కి, గోడవారకు, మా అమ్మ వైపు తిరిగాయి. దొరసాని కూడా వాళ్లు చూసిన వైపే చూసింది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకొని కూర్చుని ఉంది. దొరసాని చాలాసేపు ఆమెనే చూసింది. తర్వాత నా చేతులు మెల్లగా విడిపించింది.

ప్రేమవిందుకు బయట పందిట్లో అందరూ బంతికి కూర్చుంటున్నప్పుడు దొరసాని వచ్చి నన్నూ, అమ్మనూ తన ఇంటికి పిలుచుకుపోయింది. లోపలి గదిలో చాప వేసి ఉంది. రెండు పళ్లాల్లో బగారన్నం, కూర వడ్డించి ఉన్నాయి. నన్ను చూపించి, అమ్మను చూపించి, “అమ్మ. పాప” అంది. అమ్మ గభాలున దొరసాని పాదాల మీద పడి, “తప్పయింది దొరసానమ్మా, సీటు తీసెయ్యకు తల్లీ, నా బిడ్డను లారీ ఎక్కియ్యకు” అని ఏడ్చింది. ఆ మాటలు ఎన్ని అర్థమయ్యాయో తెలియదు. దొరసాని కిందికి వంగి అమ్మను లేపింది. తన పెదవుల మీద వేలు పెట్టుకొని చూపించింది, ఎవరికీ చెప్పనన్నట్టు. తర్వాత బయటికి పోయి, తలుపు దగ్గరగా వేసి, దొర మడతకుర్చీ తెచ్చి గడప ముందు వేసుకొని కూర్చుంది. దొర ఏదో తీసుకోవడానికి లోపలికి రాబోతే అతన్నీ రానివ్వలేదు. పండుగ పూట సొంత బిడ్డలు సముద్రాల అవతల ఉన్న మనిషి, ఇంకొక తల్లికి ఒక గంట కానుకిచ్చి కాపలా కూర్చుంది. అంత మంచితనం చూసే వయసు నాకు అప్పుడు లేదు.

అమ్మ కళ్లు తుడుచుకొని నా ఎదురుగా కూర్చుంది. ముద్ద కలిపి నా నోటి దగ్గర పెట్టి, “ఇప్పుడు పిలువు బిడ్డా. ఇనెటోళ్లు ఎవ్వరు లేరు” అంది.

నేను ముఖం తిప్పుకున్నాను. నా పళ్లెంలోది నేనే కలుపుకొని తిన్నాను. అమ్మ ఆ ముద్ద పట్టుకొనే కూర్చుంది. బయట పాటలు వినపడుతున్నాయి. మళ్లీ అడిగింది, ఒక్కసారన్న అని. నేను తల వంచుకొని ఇంకో ముద్ద కలుపుకున్నాను. చివరికి ఆ ముద్ద పళ్లెంలోనే పెట్టేసి, నా తల మీద చెయ్యి వేసి, నేను తినేదాకా చూస్తూ ఉంది. దొర మళ్లీ వస్తున్న చప్పుడు కాగానే దొరసాని బయట గట్టిగా దగ్గింది. అమ్మ గబగబా లేచి గిన్నెలు సర్దే పనిలో పడింది. మళ్లీ పెద్దమ్మ అయిపోయింది.

మర్నాడు దొర కాగితాల్లో నా పేరు రాశాడు. తల్లి పేరు దగ్గర “లేదు” అని రాశాడు. దొరసాని అన్నీ తెలిసి పక్కన సంతకం పెట్టింది. ఆమె కూడా నన్ను మోసం చేసిందనే అనుకున్నాను. పెద్దయ్యాక ఎన్నోసార్లు ఆలోచించాను. తల్లి బతికి ఉన్న పేదపిల్లకు చోటు లేదని నియమం పెట్టిన వాళ్లను తిట్టాలి గానీ, దాన్ని ఎట్లాగో దాటించిన ఇద్దరు ఆడవాళ్లను కాదు. ఫిబ్రవరిలో దొరలు వెళ్లిపోయారు. నేను హాస్టల్లో పదో తరగతి దాకా చదివాను. అమ్మ పనుల మధ్య వీలైనప్పుడల్లా వచ్చి, చూడవచ్చిన వాళ్ల పుస్తకంలో పెద్దమ్మనని వేలిముద్ర వేసి, జొన్నరొట్టెలు ఇచ్చి పోయేది.

హాస్టలు వదిలాక మళ్లీ అమ్మా అని పిలిచాను. టీచరునయ్యాను, వనపర్తిలో ఇల్లు కట్టుకున్నాను, అమ్మను నా దగ్గరే ఉంచుకున్నాను. రోజుకు యాభైసార్లు పిలిచేదాన్ని. ఆరేళ్ల కింద ఆమె దవాఖానలో పడుకుని ఉంటే, మంచం పక్కన కూర్చొని అమ్మా, అమ్మా అంటూ పాలు తాగిస్తున్నాను. నా చెయ్యి పట్టుకొని నవ్వింది.

“గిప్పుడు ఇన్నిసార్లు పిలుస్తున్నవు బిడ్డా. ఆ దినం దొరసానమ్మ తలుపుకాడ కూసుంటే, ఒక్కసారి పిలువకపోతివి.”

నిష్ఠూరంగా అనలేదు, ఊరికే గుర్తొచ్చి అంది. మూడు రోజులకు పోయింది. అమ్మ ఆడిన అబద్ధం మీద నాకు కోపం ఎప్పుడో పోయింది. ఆ గదిలో నోరు బిగించుకొని అన్నం తిన్న ఎనిమిదేళ్ల పిల్ల మీద మాత్రం ఇంకా పోలేదు.