సంచి పైన కొత్త తౌడు

నా చిన్నప్పుడు జరిగిన మాట ఒకటి చెబుతాను, కాస్త దగ్గరకు జరిగి కూర్చోండి. సొంత ఇంటి మనిషి మీద చెప్పే మాట ఇది, గట్టిగా చెప్పలేను.

మాది కల్మల దగ్గర చిన్న పల్లె. మా తాతయ్యకు ఎడ్లబండి ఉండేది. ఊరివాళ్ల వడ్లు రాయచూరు మిల్లులకు తోలి, తిరిగి వచ్చేటప్పుడు తౌడు సంచులు వేసుకొచ్చేవాడు. బండి కనబడితే నేను ఎదురు పరుగెత్తేదాన్ని. నన్ను ఎత్తి సంచుల మీద కూర్చోబెట్టేవాడు. తాజా తౌడు కింద వెచ్చగా తగిలేది, అప్పుడే దంచిన బియ్యంలా తియ్యటి వాసన వేసేది. ఆ వాసనే మా తాతయ్య వాసన అనుకునేదాన్ని నేను.

వానలు పడితే మా రేగడి దారిలో బండి దిగబడుతుంది. అందుకని ఆ ఏడాది ఎండాకాలంలోనే చాలా సంచులు తెచ్చి కొట్టంలో గోడకు ఆనించి పేర్చాడు. కింద కట్టెలు పరవమని నాయనమ్మ అన్నది. "ఏం గాదు తియ్యి, తౌడేమన్న పాలా ఇరిగిపోనీకి" అన్నాడు తాతయ్య. తౌడులో నూనె ఉంటుంది కదా, ఎక్కువ రోజులు ఉంచితే అది చెడుతుంది. తడి తగిలితే మరీ తొందరగా చెడుతుంది. రెండు నెలలు తిరిగేసరికి కొట్టంలోకి పోతే గొంతులో చేదు తగిలేది. సంచి అడుగున తౌడు గడ్డలు కట్టింది, గడ్డ చిదిపితే లోపల పచ్చగా బూజు. మా బర్రెలు ఒకసారి మూతి పెట్టి తల తిప్పేసుకున్నాయి.

పక్కింట్లో ఒక అత్త ఉండేది. పెనిమిటి పోయినాక ఒక్క బర్రెను నమ్ముకొని బతుకుతున్నది. బర్రె అప్పుడు చూడితో ఉన్నది. అది ఈని పాలిస్తేనే ఆమెకు ఏడాది గడిచేది. కడుపులో దూడకు బలం కావాలని, కూలి వద్దు తౌడు ఇమ్మని చెప్పి ఆమె మా చేలో ఎనిమిది రోజులు కలుపు తీసింది. ఆమెకు పిల్లలు లేరు. "కొడుకు ఉంటే నువ్వే నా కోడలువి" అని నన్ను కోడలా అనే పిలిచేది.

ఒక పొద్దున తాతయ్య నన్ను కొట్టంలోకి పిలిచాడు. గోడ పక్క సంచిని సగానికి పైగా ఖాళీ సంచిలోకి వంచాడు. మా బర్రెల కోసం ఆ వారమే ఎవరి నెత్తి మీదనో తెప్పించిన కొత్త తౌడు కొంచెం మూలన ఉంటే, దాన్ని చేటతో పైన పోయమన్నాడు. నేనే పోశాను. ఇట్లా ఎందుకని అడిగితే, "మంచిగ కనబడాలె గద బిడ్డా" అన్నాడు. అత్తకు మంచిది పైన పెడుతున్నాడని సంబరపడ్డాను.

"నువ్వే తీస్కపో. నీ చేతిల అయితే ఆమె మురుస్తది" అని నెత్తికెత్తాడు.

మా వైపు ఆడవాళ్లు సంచి ఇంటికొస్తే మోచేతి దాకా చెయ్యి దింపి, అడుగునుంచి పిడికెడు తీసి చూస్తారు. అత్త ఆ రోజు చూడలేదు. సంచి దించుకొని, నా నెత్తి మీది తౌడు దులిపి, "నా కోడలు బరువు మోసింది సూడుండ్రి" అని వాకిట్లో వాళ్లకు చెప్పుకున్నది.

పైది నాలుగు రోజులు వచ్చింది. తర్వాత బర్రె తొట్టి దగ్గర నిలబడి తినలేదు. "చూడిదైనంక దీనికి నఖరాలు ఎక్కువైనయి" అని అత్త నవ్వి, చేతికి తగిలిన గడ్డలు వాన చెమ్మకు కట్టినవే అనుకొని, గంజిలో ఉప్పు వేసి ఆ తౌడు కలిపి కుడితిగా తాగించింది. ఆమె చేతి కుడితి కాబట్టి అది తాగింది. పది పన్నెండు రోజులకు, తెల్లవారి నేను వెళ్లేసరికి నెలలు నిండని దూడ కొట్టంలో పడి ఉన్నది. దాని ఒంటి మీద వెంట్రుకలు కూడా సరిగా రాలేదు. బర్రె దాన్ని నాకుతూనే ఉన్నది.

చూడవచ్చిన వాళ్లు దిష్టి అన్నారు. అత్త లోపలికి పోయి సంచి తెచ్చి వాకిట్లో బోర్లించింది. పచ్చటి గడ్డలు దొర్లాయి. ఆమె గడ్డ ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకొని, నా వైపు చూసింది.

"నీకు ఎరికేనా?"

నేను తలకాయ అడ్డంగా ఊపాను. కానీ చేటతో పైన పోసిన చెయ్యి నాదే కదా. అక్కడ నిలబడలేక ఇంటికి ఉరికాను.

తాతయ్య ఎద్దుల కాడికి కొత్త పలుపు పేనుతున్నాడు. చెడిపోయిందని నీకు తెలుసా అని అడిగాను. కోప్పడతాడనుకున్నాను. కోపం లేదు.

"తెల్వకేం? మన బర్రెలే ముట్టలే. పారేస్తే నష్టం గదా. నేను తీస్కపోతే ఆమె అడుగు దాకా సూస్తుండె. నువ్వు గనక సూడలే."

నన్ను మెచ్చుకుంటున్నట్టే అన్నాడు. తౌడు మీద కూర్చోబెట్టుకొని తిప్పిన మనిషి, నా మీద ఆమెకున్న ప్రేమను కూడా లెక్క చూసుకొని వాడుకున్నాడని నాకు అప్పుడు అర్థమైంది. ఏడుపు రాలేదు. మళ్లీ బండికి ఎదురు పోలేదు, అంతే. ఆయన ఒకటి రెండుసార్లు బండి ఆపి చూశాడు.

అత్త మాతో మాట మానలేదు. పంట చేతికొచ్చినాక నాయనమ్మ కొత్త జొన్నలు ఒక సంచెడు నా చేత పంపింది. "రా కోడలా" అని నవ్వుతూనే పిలిచింది. నవ్వుతూనే సంచి విప్పి, మోచేతి దాకా చెయ్యి దింపి, అడుగునుంచి పిడికెడు తీసి వెలుగులో చూసింది. తర్వాత ఎవరింటి నుంచో తెచ్చుకున్న మజ్జిగ నాకు పోసింది. నేను తాగాను. ఆ మజ్జిగ ఎంత పుల్లగా ఉన్నదో ఇప్పటికీ చెప్పగలను.

చదువు రాదు గానీ, తౌడు ఎన్నాళ్లదో ముక్కుతో చెబుతాను. వానల్లో పదిహేను రోజులకు మించి ఉంచనివ్వను, కింద బల్ల లేకుండా సంచి దించనివ్వను. ఇరుగుపొరుగుకు గిన్నెడు పప్పు పంపాలన్నా నేనే లేచి పోతాను. "మోకాళ్ల నొప్పులు పెట్టుకొని నీకెందుకు, పిల్ల ఉన్నది గదత్తా" అంటుంది మా కోడలు, తన బిడ్డను చూపించి. పిల్ల ఉన్నది గనుకనే పోతాను.

మీ పాడి పచ్చగుండాలె. మీ పశువులు నెలలు నిండి ఈనాలె. మీ ఇంటి పిల్లలకు పెద్దల మీది నమ్మకం వాళ్లు పెద్దవాళ్లయ్యే దాకా చెడకుండా ఉండాలె.