గడి ముందు చెప్పుల చప్పుడు

మా ముత్తాత లక్ష్మణరావు ఏడూళ్ళకు దేశ్‌ముఖ్. తాత మాధవరావు గుర్రం దిగకుండానే తగాదాలు తీర్చేవాడు. కోటలాంటి మా గడి ముందు నుంచి నడిచే ఊరివాళ్ళు చెప్పులు విప్పి చేతపట్టుకునేవారు. ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో నేనుంటున్న కిరాయి ఇంటి మెట్ల మీద ఎవరైనా చెప్పులు టపటపలాడిస్తూ దిగితే నాకు వాళ్ళెవరూ గుర్తుకు రారు. దావీదన్న గుర్తుకొస్తాడు.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు నేను ఒమన్ వెళ్ళాను. బాపు పోయేనాటికి గడి, దాని ముందున్న జాగా, ఎవరి ముందూ వంచని వెన్ను తప్ప మాకేమీ మిగలలేదు. సముద్రపు ఒడ్డున ఒక గోదాములో సరుకు చూసుకునే పని దొరికింది. అక్కడి సూపర్‌వైజర్ దావీదు మా ఊరివాడే. అతని తల్లి మా వాకిలి ఊడ్చేది. అందరూ అతన్ని 'అన్నా' అనేవారు. నాకా మాట నోట రాలేదు. పేరు పెట్టి పిలిచే ధైర్యమూ లేదు. ఆరు నెలలు ఏ పిలుపూ లేకుండా ఎదురుగా వెళ్ళి నిలబడి మాట్లాడాను. అతనికది తెలుసు.

శుక్రవారం సెలవు. ఆ రోజు పక్కనున్న జాలర్ల వాడలో ఒడ్డంతా శుభ్రం చేయడం అతని అలవాటు. పైవాళ్ళు చెప్పిన పని కాదు, జీతమూ లేదు. "మనది గాని ఊరు మనకు అన్నం పెడ్తాంది. జర ఊడిస్తే ఏం పోతది?" అనేవాడు. ఒక శుక్రవారం నన్నూ పిలిచాడు. వెళ్ళాను కానీ వంగలేదు. చేతులు వెనక్కి కట్టుకొని, "గీడ సీసాలు మిగిలినయ్, గాడ వల ముక్క ఉన్నది" అని తోటి కూలీలకు చూపిస్తూ నిలబడ్డాను. కాసేపటికి వెనక నవ్వులు వినిపించాయి. తిరిగి చూస్తే వాడలోని పిల్లలు నలుగురు చేతులు వెనక్కి కట్టి, పొట్టలు ముందుకు పెట్టి ఇసుకను తనిఖీ చేస్తున్నారు. అందులో అయిదేళ్ళ పిల్ల ఒకతి అచ్చం మా తాత ఫోటోలా నిలబడింది.

"దొరా, నీకన్న గా పోరి మంచిగ చేస్తాంది" అన్నాడు దావీదు.

కోపం దిగమింగుకొని, బూట్లలో దూరిన ఇసుక దులుపుదామని విప్పాను. అంతే, పిల్లలు వాటిని ఎత్తుకుపోయి బంతాటకు గోలు హద్దులుగా పెట్టుకున్నారు. నన్ను మధ్యలో గోల్‌కీపర్‌గా నిలబెట్టారు. ఇసుక కాలుతోంది. వాళ్ళ భాష నాకు రాదు.

"దావీదన్నా! జర నా బూట్లు ఇయ్యమని చెప్పరాదే!"

మాట వచ్చేసింది. ఆయన చేతిలోని సంచి కింద పెట్టాడు.

"ఆట అయిపోనియ్. మా నాయిన జిందగీ అంత మీ గడి ముంగట వట్టికాళ్ళతోని నడిచిండు. నువ్వు గీ ఒక్క ఆట నిలవడలేవా?"

నిలబడ్డాను. వరసగా గోల్స్ వదిలేశాను. చివరికి ఆ చిన్నపిల్లకు విసుగొచ్చి, నా చెయ్యి పట్టి కిందికి గుంజింది. వంగితే బంతి దొరికింది. ఆట అయ్యాక ఒక చేత్తో బూట్లు పట్టుకొని, రెండో చేత్తో సీసాలు ఏరాను. ఆ తర్వాత ఏ శుక్రవారమూ మానలేదు. దావీదన్న మాత్రం 'దొరా' అనడం మానలేదు.

కొన్నేళ్ళకు ఇద్దరమూ తిరిగొచ్చాం. అమ్మ దవాఖాన ఖర్చులకు గడి అమ్మక తప్పలేదు. ముందుగా దావీదన్నకే చెప్పాను. ఆయన కొత్త చెప్పులు వేసుకొని వచ్చాడు. గడి ముందు పరిచిన బండల మీద ఆ చివర నుంచి ఈ చివరకు టపటపా నడిచాడు. మళ్ళీ వెనక్కి నడిచాడు. పక్కన నడుస్తూ నా కాళ్ళ వైపు చూసుకున్నాను. చెప్పులు గడప దగ్గరే విడిచి వచ్చాను. ఎందుకో నాకు తెలియదు.

"జాగా మంచిగున్నది, తమ్మీ. నాకొద్దు" అన్నాడు. "నడవాలనుకున్న, నడిచిన."

ఆయన పోయి రెండేళ్ళయింది. ఈనాటికీ ఎవరితో మాట్లాడాలన్నా ముందు అన్నా అనో, అక్కా అనో వరస పెట్టి పిలిచాకే నోరు విప్పుతాను.

గడిని జడ్చర్ల వ్యాపారి ఒకాయనకు అమ్మాము. ముందున్న జాగా, దాని మీది బండలు కూడా అందులోనే పోయాయి.