సంతోషకుమారి చదివిన ఆఖరి పేజీలు

సంతోషకుమారి గొంతు గురించి ముందు చెప్పుకోవాలి. ఆ ఊళ్ళో ఆమెకంటే గట్టిగా అరిచేవాళ్ళు కావలసినంతమంది ఉన్నారు. కానీ కాగితం మీదున్నది చదివి, వినేవాళ్ళ మనసును పట్టి కూర్చోబెట్టే గొంతు మాత్రం ఆమె ఒక్కదానిదే. అది వాళ్ళ నాన్న మరియదాసు పుణ్యం. ఆయన చర్చిలో గంట కొట్టేవాడు. చత్వారం వచ్చాక ఆదివారం వాక్యం చదివే పని పదేళ్ళ కూతురికి అప్పజెప్పాడు. "ముందుగా చూసుకోకుండా జనం ముందు నోరు తెరవకూడదమ్మా" అని ఒక్క మాట నేర్పాడు. బడి ఏడో తరగతితో ఆగిపోయినా ఈ చదువు ఆగలేదు.

పద్దెనిమిదో ఏట మార్క్‌ని చేసుకుంది. అతను అద్దంకి రోడ్డులో కోల్డ్ స్టోరేజీ దగ్గర మిరపకాయల బస్తాలు మోస్తాడు. ఈమె ఆ పక్క షెడ్డులోనే ముప్పైమంది ఆడవాళ్ళతో కలిసి కాయలకు తొడిమలు తీస్తుంది. పొద్దున్నే కూర్చుంటే సాయంత్రందాకా అదే పని. చేతులు మండుతాయి, కళ్ళు మండుతాయి, తుమ్ములకు లెక్కుండదు. ఇరవయ్యేళ్ళుగా ఇదే బతుకు, దీంట్లో ఆమె మొహం ముడుచుకున్న రోజులు తక్కువే.

రెండువేల నాలుగు వేసవిలో ఆ ఊరికి ఒక పుస్తకం వచ్చింది. రాష్ట్రంలో ఊరూరా జనం ఒకే నవల చదవాలి, చదవడం రానివాళ్ళు చదివించుకోవాలి, మూడు నెలలయ్యాక ఎక్కడికక్కడ సభ పెట్టుకుని దాని గురించి మాట్లాడుకోవాలి. ఎవరికి పుట్టిందో గానీ మంచి ఆలోచనే. కాకపోతే ఊరికి ఒక్కటంటే ఒక్కటే పుస్తకం ఇచ్చారు. గ్రంథాలయం చూసుకునే మొహిద్దీన్ బాషా దాన్ని ఇంటికి రెండ్రోజుల చొప్పున తిప్పాలని చూశాడు. మొదటి ఇంట్లో అది టీవీ మీద కూర్చుంది. రెండో ఇంట్లో మంచం కోడు కిందికి చేరింది. మూడో ఇంటికి పంపితే ఏమవుతుందోనని భయపడి, బాషా దాన్ని మోపెడ్ మీద పెట్టుకుని తిన్నగా మిరపకాయల షెడ్డుకొచ్చాడు.

"సంతోషమ్మా, నువ్వు చదివి వీళ్ళందరికీ వినిపించాలి" అన్నాడు.

"నేను చదువుతా కూచుంటే నా కాయలు ఎవరు తీస్తారండీ?"

ఆ ముడి విప్పింది మాబూబీ. షెడ్డులో అందరికంటే చెయ్యి వేగం, నోరు అంతకంటే వేగం. "తలా గుప్పెడు నీ బుట్టలో పడేస్తాం లేవే. నువ్వు నోరాడించు, మేం చేతులాడిస్తాం" అంది. అలాగే చేశారు. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక గంటసేపు చదువు. సంతోషకుమారి ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని చదివేది, చుట్టూ ఉన్నవాళ్ళు తలా గుప్పెడు తొడిమ తీసిన కాయలు ఆమె బుట్టలో వేసేవారు. కథ రంజుగా ఉన్నరోజు ఆ గుప్పెళ్ళు పెద్దవయ్యేవి.

మొదటిరోజు ఒక గమ్మత్తు జరిగింది. అధ్యాయం అయిపోగానే సంతోషకుమారి అలవాటు కొద్దీ "దేవుడు ఈ వాక్యమును దీవించును గాక" అనేసింది. చర్చికి పోయేవాళ్ళు ఠక్కున "ఆమెన్" అన్నారు. వాళ్ళతోపాటు షెడ్డులో పనిచేసే ముసలి పిచ్చమ్మ అంది, మాబూబీ కూడా అంది. తర్వాత తెలివొచ్చి అందరూ పడీపడీ నవ్వారు. ఆ అధ్యాయంలో కథానాయకుడు పోలయ్య పెళ్ళాం మీద అలిగి, తాగి, పడవ చాటున పడుకుంటాడు. దాన్ని దేవుడు ఎందుకు దీవించాలో ఎవరికీ అర్థం కాలేదు. కానీ మర్నాడు ఆ మాట చెప్పకుండా పుస్తకం మూయబోతే ఒక్కరూ ఊరుకోలేదు. అప్పట్నుంచి రోజూ దీవెన, రోజూ ఆమెన్.

కథ సముద్రపొడ్డు పల్లెలో జరిగేది. పోలయ్య, అతని భార్య ఆదెమ్మ, వాళ్ళ పోట్లాటలు, వాళ్ళ ప్రేమ. సగం అయ్యాక పోలయ్య వేటకు వెళ్తాడు, గాలివాన వస్తుంది. అక్కడినుంచి ఆదెమ్మ ఎదురుచూపే. సాయంత్రం కాగానే అతని కంచంలో అన్నం పెట్టి మూతేసి ఒడ్డుకు వెళ్తుంది.

ఇది చదవడం మొదలుపెట్టిన రోజు షెడ్డులో అందరి కళ్ళూ ఒక్కసారి పిచ్చమ్మ వైపు తిరిగాయి. ఆమె కొడుకు యలమంద ఐసుగడ్డలెత్తే పనికి సముద్రపొడ్డున ఉన్న వాడరేవు వెళ్ళి, సరదాపడి ఒక పడవెక్కాడు. తొంభైలో వచ్చిన తుఫానుకు ఆ పడవ తిరిగి రాలేదు. మనిషీ దొరకలేదు, శవమూ దొరకలేదు. పద్నాలుగేళ్ళయింది. పిచ్చమ్మ కొడుక్కి దినం చెయ్యలేదు, ఫోటోకి దండ వెయ్యలేదు. ఆ పేరెత్తితే జనం "ఎక్కడో తేలుంటాడు, వస్తాడులే" అని మాట మార్చేవారు.

సంతోషకుమారికి చదవాలంటే భయం వేసింది. "పెద్దమ్మా, ఇది ఆపేసి బాషా గారిని ఇంకో పుస్తకం అడుగుదామా?" అంది.

"ఎందుకే? చదువు" అంది పిచ్చమ్మ. "ఆ పిల్లోడు వస్తాడో రాడో తేలాలిగా."

ఆ తేలే రోజు రానే వచ్చింది. నాన్న మాట ప్రకారం పొద్దున్నే ముందుగా చూసుకుందామని సంతోషకుమారి ఆఖరి అధ్యాయం తీసింది. ఉండాల్సిన పదహారు పేజీలు అక్కడ లేవు. కుట్టేటప్పుడు ఎవరి చెయ్యి తప్పిందో, మధ్యలోని పేజీలే మళ్ళీ ఒకసారి వచ్చి చేరాయి, వాటి వెనక అట్ట. సరే, ఉన్నమాట చెప్పేద్దాం, బాషా గారిని ఇంకో కాపీ తెమ్మందాం అనుకుంటూ షెడ్డుకు వెళ్ళింది.

మధ్యాహ్నం చూస్తే పిచ్చమ్మ అన్నం గిన్నె విప్పలేదు. "ఇయ్యాల పోలయ్య వస్తాడేమోగా. విన్నాకే తింటా" అంది.

అంతే. సంతోషకుమారి నోటికి రావాల్సిన నిజం కాస్తా గొంతులోనే ఉండిపోయింది. పుస్తకం తెరిచి, కళ్ళు కాగితం మీద పెట్టి, పోలయ్యను బతికించేసింది. ఎక్కడో దీవిలో చిక్కుకున్నాడంది. చిక్కి సగమై, బుట్టెడు చేపలతో తెల్లారేసరికి ఒడ్డుకొచ్చాడంది. ఆదెమ్మ తిట్టిన తిట్లు కూడా కలిపింది. షెడ్డు షెడ్డంతా ఏడ్చింది, నవ్వింది. ఆమె పుస్తకం మూసి గబగబా మంచినీళ్ళ కుండ దగ్గరికి వెళ్ళింది. వెనక్కి తిరిగి చూస్తే పిచ్చమ్మ అన్నం తింటోంది. చూడ్డానికి ఎంతో బాగుంది, ఆమె మాత్రం మళ్ళీ కుండ వైపే తిరిగింది.

రెండ్రోజులాగి సాయంత్రం బాషా ఆమె ఇంటికొచ్చాడు. "ఎట్లా ఉందమ్మా ముగింపు? పాపం, రాడు గదా పోలయ్య" అన్నాడు. సంతోషకుమారి బాషా ముందు మంచినీళ్ళ గ్లాసు పెట్టింది. "సభ మాత్రం అద్దంకిలో పెద్ద ఎత్తున చేస్తున్నారు. అన్ని ఊళ్ళవాళ్ళూ వస్తారు. మీ షెడ్డువాళ్ళకు ముందు వరసలో చోటు చెప్పా" అని సంతోషంగా వెళ్ళిపోయాడు.

సభ దాకా ఉన్న పది రోజులూ ఆమెకు తిండి సయించలేదు. ముప్పయ్యేళ్ళుగా జనం ముందు చదివింది, ఒక్క అక్షరం సొంతంగా కలపలేదు. రేపు అబద్ధం బయటపడితే, ఆదివారం తను చదివేది కల్పన కాదు, వాక్యమేనని నమ్మేదెవరు? అదొక ఎత్తు. నిండు సభలో పోలయ్య రాలేదని పిచ్చమ్మ వినాల్సి రావడం ఇంకో ఎత్తు. మార్క్‌తో చెబితే "తిండి మానుకున్న ముసలమ్మకు అన్నం తినిపించావు, తప్పేముందే?" అన్నాడు. ఆమెకు ఆ ఓదార్పు ఆనలేదు. పిచ్చమ్మనైనా ఆపుదామని "ఎండలు మండిపోతన్నయ్, నీ మోకాళ్ళు చూస్తే అట్లా ఉన్నయ్, ఎందుకు పెద్దమ్మా నీకు" అని నచ్చజెప్పింది. సభరోజు ట్రాక్టరు ట్రక్కులో అందరికంటే ముందెక్కి కూర్చున్నది పిచ్చమ్మే.

అద్దంకి కల్యాణ మండపం కిటకిటలాడిపోయింది. ఉపన్యాసాలయ్యాక, ఆఖరి అధ్యాయం మీద ఎవరైనా మాట్లాడవచ్చని మైకులో అన్నారు. ఏదో ఊరినుంచి వచ్చిన టీచరమ్మ లేచి "పోలయ్య తిరిగి రాకపోవడం చదివి మా ఊళ్ళో రెండ్రోజులు ఎవరికీ మనసు బాగాలేదండి" అంది.

మాబూబీ ఆగుతుందా? కూర్చున్నచోటునుంచే లేచింది. "రాకపోవడమేంటమ్మా, వచ్చాడుగా. బుట్టెడు చేపలు కూడా తెచ్చాడుగా."

మండపమంతా ఒకటే నవ్వు. ముందు వరసలో ఉన్న షెడ్డు ఆడవాళ్ళు మాత్రం నవ్వలేదు. ఎవరిని చూసి నవ్వుతున్నారో తెలియక మొహాలు చిన్నబుచ్చుకున్నారు. అది చూడలేకపోయింది సంతోషకుమారి. నడిచివెళ్ళి మైకు పట్టుకుంది.

"వీళ్ళ తప్పేం లేదండి. మా పుస్తకంలో ఆఖరి పేజీలు లేవు. నేనే కల్పించి చదివాను. వీళ్ళకి చెప్పలేదు" అంది. తిరిగి వచ్చి పిచ్చమ్మ పక్కన కూలబడింది.

"క్షమించు పెద్దమ్మా."

"ఓసి పిచ్చిదానా, నాకు ఆరోజే తెలుసుగా" అంది పిచ్చమ్మ.

"ఎట్లా తెలుసు?"

"నువ్వు దీవెన చెప్పలా. మేమందరం ఆమెన్ అందామని నోళ్ళు తెరుచుకుని కూచున్నాం. నువ్వేమో పుస్తకం మూసి కుండ దగ్గరికి పరిగెత్తావు. దేవుడి పేరు పెట్టలేకపోయావంటే అది పుస్తకంలో లేనిదేనని అప్పుడే అనుకున్నా."

మాబూబీ నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది. ఆమె నోరు అట్లా ఊరికే మూతపడటం ఎవరూ ఎరగరు.

సభ ముగిశాక బాషా ఒక కొత్త కాపీ వెతికి తెచ్చాడు. అన్ని పేజీలూ ఉన్నాయో లేదో లెక్కపెట్టి మరీ ఇచ్చాడు. అందరూ ట్రక్కు ఎక్కారు. సంతోషకుమారి పుస్తకం సంచిలో పెట్టబోతుంటే పిచ్చమ్మ చెయ్యి పట్టుకుంది. "ఇంటికెళ్ళాక కాదు. ఇప్పుడే చదువు" అంది.

ముందుగా చూసుకునే వ్యవధి లేదు. జీవితంలో మొదటిసారి చూసుకోకుండానే చదవడం మొదలుపెట్టింది. పోలయ్య రాలేదు. నెలలు గడిచాయి. ఒక సాయంత్రం ఆదెమ్మ ఒడ్డుకు వెళ్ళలేదు. అతని కంచం దించి, కడిగి, అందులో తనే అన్నం పెట్టుకుని కూర్చుంది. మొదటి ముద్ద మింగడానికి చాలాసేపు పట్టింది. కథ అక్కడ అయిపోయింది.

"నాకెవరూ చెప్పలా, సంతోషమ్మా" అంది పిచ్చమ్మ. గొంతులో కోపం లేదు. "పద్నాలుగేళ్ళల్లో ఊళ్ళో ఒక్కళ్ళు కూడా, నీ కొడుకు ఇంక రాడే పిచ్చమ్మా అని నా మొహాన అనలా. వస్తాడు, వస్తాడు, ఇదే మాట. నేను ఏడవబోతే, బతికున్నోడి కోసం ఏడవకూడదని నోరు మూయించారు. అందరూ నా మంచి కోసమే అన్నారమ్మా, నాకు తెలుసు. నువ్వు కూడా ఆ పోలయ్యని తెచ్చింది నా కోసమే. కానీ నా బిడ్డ కోసం నన్ను ఒక్కసారన్నా ఏడవనివ్వాలిగా."

సంతోషకుమారి చేతిలో పుస్తకం పక్కన పెట్టింది. పిచ్చమ్మ రెండు చేతులూ, మిరపకాయల మంటకు పగుళ్ళిచ్చిన ఆ చేతులు, తన చేతుల్లోకి తీసుకుంది.

"రాడు పెద్దమ్మా" అంది. "యలమంద ఇంక రాడు."

పిచ్చమ్మ ఏడ్చింది. కొంగు అడ్డం పెట్టుకోకుండా, పేరు పెట్టి పిలుచుకుంటూ, పద్నాలుగేళ్ళదీ ఒక్కసారే ఏడ్చింది. డ్రైవరు ట్రాక్టరు స్టార్టు చెయ్యబోయి ఆగాడు. మాబూబీ ఆమె వీపు మీద చెయ్యి వేసింది. ఎవరూ ఆమెను ఊరుకోమని అనలేదు.