చిటికెనవేలి పని

తడి గుడ్డముక్కను ఎడమ చిటికెనవేలికి చుట్టుకుంటున్నాడు వడ్రంగి తాతయ్య. ఉలీ రంపం పట్టిపట్టి మిగతా తొమ్మిది వేళ్లూ కాయలు కాచాయి. మనవరాలికి కొత్తగా మొలిచిన రెండు కింది పళ్లు తుడవడానికి ఆ ఒక్క మెత్తని వేలే పనికొస్తుంది. పూటకోసారి, నొక్కకుండా, చిగురు నుంచి పైకి తుడుస్తాడు. ఇవాళ కిటికీ దగ్గర పాప పెదవి దించి చూస్తే, పంటి మొదట్లో తెల్లటి గీత కనిపించింది. పుచ్చు మొదలైందేమోనని ఆయన భయపడ్డాడు. పాలసీసా నోట్లో ఉంచి నిద్రపుచ్చితే పళ్లు పుచ్చుతాయని కూతురు ఎన్నిసార్లు చెప్పినా వినకుండా, రోజూ అలాగే నిద్రపుచ్చేది తనే.

"ఏంటి నాన్నా, తలుపుకి చెద పట్టిందేమోనని చూస్తున్నట్టు చూస్తున్నావు?" అంది కూతురు.

"నువ్వుండవే కాసేపు!"

గుడ్డ మళ్లీ తడిపి, ఊపిరి బిగబట్టి తుడిచాడు. గీత గుడ్డకు అంటుకొచ్చింది. ఉత్త పాల మరకే. అంతలో పాప వేలు కసుక్కున కొరికింది.

"అబ్బో, పదును కుదిరింది!" అని నవ్వాడు. "ఇకమీదట ఇది మేలుకునుండగానే పాలు పట్టెయ్యవే. జోకొట్టడం మాత్రం నాకొదిలెయ్." పాపను కూతురి చేతుల్లో పెట్టి, పక్కనున్న పాలసీసా కూడా అందించాడు.