తపేలా కింది ఎర్ర చుక్క

మా అమ్మ చర్చిలో పాడుతుంటే మైకు దండగ అనేవారు మాచర్లలో. గొంతుకు ఆపరేషన్ అయ్యాక మాట పోయింది. ఇప్పుడు మమ్మల్ని పిలవాలంటే చప్పట్లు కొడుతుంది. ఆమె పాటలు మిగిలింది ఒక్క పాత బటన్ల ఫోనులోనే. అదీ కొనఊపిరితో ఉంది. "ఈసారి ఆగిందంటే ఇక లెగవదన్నా. పాటలుంటే ఇయ్యాలే కంప్యూటర్లోకి లాక్కో" అన్నాడు సెల్ షాపతను.

ఇంటికొచ్చి వైర్ల సంచి బోర్లించాను. అన్నీ నల్లవే, అన్నీ ఒకే పిన్నువే. ఏది పెట్టినా ఛార్జింగ్ ఎక్కుతోంది గానీ, కంప్యూటర్ ఆ ఫోను మొహం కూడా చూడటం లేదు. కొన్ని వైర్లలో కరెంటు తప్ప ఇంకేమీ పోదట. ఆ ముక్క వైరు మీద రాసి చావొచ్చుగా! తన పెళ్ళికి ముందు, ఇప్పుడు లేని పాత కంప్యూటర్ నుంచి అమ్మ ఫోనులోకి ఈ పాటలెక్కించిన చెల్లెలికి ఫోన్ చేశాను. "నల్ల వైరు అన్నయ్యా" అంది. ఒళ్ళు మండింది. "అన్నీ నల్లయ్యేనే!" అని అరిచాను. ఫోను తెర మినుకుమినుకుమంటోంది. భయమేసింది.

అమ్మ చప్పట్లు కొట్టింది. వంటింట్లోంచి స్టీలు తపేలా తెచ్చి అంచు కింద చూపించింది. గోళ్ళరంగుతో పెట్టిన ఎర్ర చుక్క. చర్చి ప్రేమవిందుకు ఇంటింటి నుంచీ గిన్నెలు వెళ్తాయి. ఎవరివి వాళ్ళింటికి చేరడానికి ఆడవాళ్ళు తలో గుర్తు పెట్టుకుంటారు. మాది ఎర్ర చుక్క. వైర్లు వెతుకుతుంటే తపేలా ఏందని విసుక్కున్నాను.

అమ్మ కుప్ప ముందు కూర్చుని ఒక్కో వైరూ తిప్పి చూసి, ఒకటి నా చేతిలో పెట్టింది. పిన్ను వెనక ఆవగింజంత ఎర్ర చుక్క. పాటలెక్కిన వైరు ఇదేనని ఆనాడే గుర్తు పెట్టుకుందట, చేతులతో చెప్పింది. వైర్లు చేసేవాళ్ళకు తట్టనిది మా అమ్మకు తపేలా దగ్గర తట్టింది.

ఆ వైరు పెట్టగానే కంప్యూటర్ ఫోనును పట్టుకుంది. పాటలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఒకటి పెట్టాను. ఇల్లంతా అమ్మ గొంతే. పక్కింటి పిన్ని పరుగెత్తుకొచ్చి, "ఏందిరా, అక్క పాడతందా!" అంటూ గుమ్మంలోనే నిలబడిపోయింది. అమ్మ పెదాలు పాటతోపాటు కదులుతున్నాయి.

పాట అయ్యాక లోపలికెళ్ళి గోళ్ళరంగు సీసా తెచ్చుకుంది. పెన్‌డ్రైవ్ మీద చుక్క పెట్టి, ఆరేదాకా ఊదుతూ కూర్చుంది.