నేను తీసేసిన నైట్ షిఫ్టులు

ఈ మాట ఇన్నాళ్లుగా నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. పక్క క్వార్టర్లో ఉండే, వరసకు అక్కయ్యే రాజక్క గిన్నెల చప్పుడు వినిపించినప్పుడల్లా కదులుతుంది. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను.

గోదావరిఖనిలో ఒక గని ఆఫీసుకు కాంట్రాక్టు మీద ప్రోగ్రాములు రాసేవాణ్ణి. ఏఐకి తెలుగు బాగానే వచ్చు, కానీ మా గని హాజరు దానికెలా తెలుస్తుంది? అందుకని చిన్న సర్వర్ ప్రోగ్రాము రాశాను. హాజరు వెతికి ఇవ్వడం దాని పని. ఫోన్లో క్లయింట్ అనే చిన్న యాప్ పెట్టాను. మనం అడిగింది క్లయింట్ ఏఐకి ఇస్తుంది, ఏఐ సర్వర్‌ను అడుగుతుంది, దొరికిన జవాబును మర్యాదగా చెబుతుంది. అంతే. ఇంత చిన్న పనిలో అంత పెద్ద తప్పు ఎలా చేశాను?

ఆఫీసర్‌కు చూపించే ముందు రోజు కొన్ని డ్యూటీల గంటలు మైనస్‌లో వచ్చాయి. గనిలోకి దిగిన టైము రాత్రిది, పైకి వచ్చిన టైము పొద్దుటిది. మధ్యలో తేదీ మారుతుందని నా లెక్కకు తెలియదు. విసుగొచ్చింది. మైనస్ వచ్చినవన్నీ వదిలెయ్యమని ఒక్క లైను రాసి పడేశాను. నైట్ షిఫ్టు మొత్తం ఎగిరిపోయింది. నాన్న నైట్ చేసి వచ్చి పగలు పడుకుంటే చప్పుడు కాకుండా మునివేళ్ల మీద నడుస్తూ పెరిగినవాణ్ణి నేను. నాకే తట్టకపోతే ఇంకెవరికి తట్టాలి?

పరీక్షించడానికి దాన్ని రాజక్క ఫోన్లో వేశాను, ఆమె భర్త కొమురయ్య బావ గని హాజరు నంబరుతో. బావను అడగనైనా లేదు. అక్క నవ్వుతూ, పోయిన వారం బావ డ్యూటీలెన్ని అని అడిగింది. ఒక్క డ్యూటీకీ రాలేదంది ఫోను. ఆ వారమంతా బావ టిఫిన్ డబ్బా పట్టుకుని నైట్ షిఫ్టుకని వెళ్లాడు. అక్క నవ్వు ఆగిపోయింది.

"తమ్మీ, ఇది అబద్ధం చెప్తదా?"

"చెప్పదక్కా. ఆఫీసు లెక్కలకెల్లే తీస్తది."

గొప్పగా అన్నాను. ఆ గొప్పను చెప్పు తీసుకుని కొట్టాలి.

రాత్రుళ్లు ఎటు పోతున్నావని అక్క నిలదీయడం గోడ ఇవతల నాకు వినిపించింది. బావ పిల్లల మీద ఒట్టేశాడు. జీతం కాగితం తెచ్చి చూపించాడు. కాగితం ఎవరితోనైనా రాయించవచ్చు, మిషను అట్లా కాదు కదా అంది అక్క. అప్పుడు అనుమానమొచ్చి చూసుకుంటే నా లైను కనిపించింది. సరిచేశాను. వెంటనే వెళ్లి వాళ్ల తలుపు కొట్టి ఉంటే అది పొరపాటుగా పోయేది. కానీ ఆఫీసర్ అప్పటికే మెచ్చుకున్నాడు. ఒకే ప్రశ్నకు రెండు జవాబులొస్తే నా కాంట్రాక్టు ఏమవుతుంది? పాత తేదీలు ఎవరడిగినా "సమాచారం లేదు" అనేలా మార్చేశాను. బావ నిజం చెప్పిన ఆ వారాన్ని తెలిసి తెలిసి దాచేశాను.

అక్క రామగిరిలో తల్లిగారింటికి వెళ్లిపోయింది. పిల్లల బడి కోసం తిరిగొచ్చింది గానీ, బావకు అన్నం పెట్టడం తప్ప ప్రేమగా ఒక్క మాట లేదు.

ఇప్పుడు నైట్ షిఫ్టు దిగిన ప్రతి పొద్దునా బావ నా గడప దగ్గరికి వస్తాడు. కళ్ల అంచుల్లో ఇంకా బొగ్గు ఉంటుంది. "బామ్మర్దీ, జర నీ దాంట్ల సూడు, మీ అక్కకు సూపెడ్త" అంటాడు. ఫోను సరిగ్గానే చెబుతుంది. అది చూసి అక్క, "ఇయ్యాలటిది సక్కగనే చెప్పింది గద. అప్పటిదొక్కటే తప్పు చెప్పిందా?" అంటుంది. నేను చాటుగా చేసిన మరమ్మతే నా అబద్ధానికి సాక్ష్యమైంది. దానికి జవాబు నా దగ్గరుంది. నోరు తెరుస్తాను, చాయ్ తాగుతవా బావా అని మూసుకుంటాను. ఏం మనిషిని నేను?

మీకు చెప్పాక ఛాతీ మీద బరువు కొంత దిగింది. అదీ నాకు చిరాగ్గానే ఉంది. దిగాల్సింది బావ మీది బరువు కదా.

బయట చెప్పుల చప్పుడు. చూడమని బావ వస్తున్నాడు.